రెండు పిక్కలు

పలాసలో జీడిబట్టీ పక్కన పనిచేసేదానికి
ఉడుకు కొత్తేమిటి, అన్నారు.
నేనూ అదే అనుకున్నాను మొదట.

కానీ ఆ రోజు బట్టీ వెలగలేదు.
బయట వాన, రేకుల కింద చీకటి,
మేం పదకొండుమందిమి పప్పు ఏరుతున్నాం.
గుండు ఒక పళ్ళెం, బద్ద ఒక పళ్ళెం, ముక్క, నూక.
రొమ్ముల మధ్య నుంచి లేచింది
మెడ మీదుగా చెవుల దాకా,
లోపలెవరో పొయ్యి మూత తీసినట్టు.
రవిక తడిసి వీపుకి అంటుకుంది.
వెంటనే చలి.
"ఏటే, ముప్పైఅయిదేళ్ళకే ముసిల్దానివైపోనావేటి"
అంది తవిటమ్మ, చేతిలో పప్పు ఆపకుండానే.

ముట్లు ముప్పైమూడుకే ఆగాయి.
తెల్లబట్ట అవుతోందని వెళ్తే
గర్భసంచి పాడైంది, ఉంచితే కేన్సరన్నారు.
కార్డు మీద ఉచితం, నాలుగు రోజుల మంచం.
మా వీధిలో అలా అయిదుగురం, తవిటమ్మతో కలిపి.
"ఒగ్గేస్తే సుఖమే, గుడ్డలుతుక్కునే పనుండదు" అంది అత్త.

ఆ తర్వాత నా రాత్రులు రైళ్ళవి.
ఒంటిగంటన్నరకి గూడ్సు.
రెండుంబావుకి హౌరా వైపు ఏదో, ఆగకుండా.
నాలుగు దాటాక యార్డులో ఖాళీ పెట్టెల కుదుపు.
మా ఆయన చెయ్యి మీద పడితే తోసేసేదాన్ని.
మంట. ఎవరికీ చెప్పుకునే మంట కాదు.
అతనేమీ అనలేదు. చాప తీసుకుని వసారాలోకి మారాడు.

కాశీబుగ్గలో కొత్తగా వచ్చిన డాక్టరు హేమసుందరి
పాత కాయితాలు తెమ్మంది.
బియ్యం డబ్బా అడుగున, కవర్లో,
ఏడేళ్ళుగా ఇంగ్లీషులో పడుకున్న కాయితం.
చదివి, కళ్ళజోడు తీసింది.
"అండాశయాలు కూడా తీసేశారు. మీకు చెప్పలేదా?"

ఎంతుంటాయవి, అన్నాను.
జీడిరసానికి నల్లబడ్డ నా వేళ్ళకేసి చూసింది.
"జీడిపిక్కంత. రెండు."

నవ్వొచ్చింది. ఆ గదిలో, నిజంగా.
పొద్దున్న తూచి ఇస్తారు మాకు, సాయంత్రం తూచి తీసుకుంటారు,
గేటు దగ్గర కొంగు దులిపి చూపించాలి,
గుప్పెడు తగ్గితే కూలిలో కోత.
నా ఒంట్లోంచి రెండు పిక్కలు పోతే
రాసుకున్నవాళ్ళు రాసుకున్నారు,
నాకు రాని భాషలో, నా చేతికే ఇచ్చి.

ఆమె చాలా అడిగింది.
మీ అమ్మకి, పిన్నులకి రొమ్ములో గడ్డలున్నాయా?
కాళ్ళలో రక్తం గడ్డ కట్టిందా ఎప్పుడైనా?
బీపీ చూసింది. ఎముకల పరీక్షకి సిక్కోలు పంపింది.
అన్నీ అయ్యాకే రాసింది,
ఆవగింజకి అక్కలాంటి మాత్ర.
లోపల ఊరాల్సింది, ఇక బయట్నుంచి.
ఎన్నాళ్ళన్నాను.
"మామూలుగా ఆగే వయసు దాకా, యాభై అనుకో.
ఏడాదికోసారి వచ్చి కనపడు."

పాత్రో షాపులో దాన్ని పేపర్లో చుట్టి ఇచ్చాడు,
నేనేదో తప్పు చేసినట్టు.
చుట్ట విప్పి పారేసి
అట్ట చేత్తో పట్టుకునే నడిచాను పట్టాల దాకా.

నెల తిరక్కముందే ఒక పొద్దున్న
రాత్రి గూడ్సు రాలేదేమిటని అడిగాను.
వచ్చింది, అన్నాడు మా ఆయన వసారాలోంచి.
అంతసేపూ మెలకువగా ఉన్నాడన్నమాట.

అన్నీ అలా లేవు.
కూలి పడని నెల తొమ్మిది రోజులు మాత్ర లేదు,
ఉడుకు అప్పులవాడిలా గుమ్మంలో నిలబడింది.
మోకాళ్ళు ఇప్పటికీ మెట్లెక్కనివ్వవు.

"నాకూ ఒకటియ్యవే" అంది తవిటమ్మ.
ఇవ్వలేదు. వాళ్ళమ్మ రొమ్ము గడ్డతోనే పోయింది,
పాడె వెనక నేనూ నడిచాను.
నీ కాయితం తియ్యి, ఆదివారం పోదాం, అన్నాను.
"కాయితమా? ఎలకలు కొట్టీసినాయి."

నిన్న గేటు దగ్గర ధర్మారావు
కొంగు ముడి విప్పమన్నాడు.
అట్ట బయటపడింది. ఇదేటన్నాడు.
నా పిక్కలు, అన్నాను,
తూకం వేసుకో.

లైనులో ఆడాళ్ళందరూ నవ్వారు.
తవిటమ్మ నవ్వలేదు.